రెండు వందల పన్నెండో కొలత

ఎనిమిదో అంతస్తు గాజు తలుపు తోయగానే దాని అంచు నేలకు రాసుకుని కీచుమంది. జల్లెడ గడియారం చూసుకుంది. పదకొండూ ఇరవై.

"తలుపు కాస్త కిందికి జారిందండీ," అన్నాడు వెనకే వస్తున్న బిల్డింగు మేనేజరు. "రేపు మనిషిని పిలిపిస్తున్నాను."

అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళంటే జల్లెడకు ప్రత్యేకమైన అభిమానం. సగం కేసులు వాళ్ళ పుణ్యమా అనే తేలాయి.

జల్లెడ ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న ఇరవై రెండేళ్ళలో తోటివాళ్ళు వెక్కిరింపుగా తగిలించిన పేరు. ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక బోర్డు మీద ఆ పేరే రాయించుకుంది. ఆ తర్వాత వెక్కిరించేవాళ్ళకు సరుకు లేకుండా పోయింది.

ఇవాళ ఆమెకున్న గడువు మధ్యాహ్నం రెండింటి వరకే. రెండింటికి ఈ బిల్డింగు లిఫ్టు మెకానిక్కుని కోర్టుకు తీసుకెళ్తారు. సోమవారం మధ్యాహ్నం, అద్దె లెక్కల కోసం గదులు కొలిచే మాస్టారు ఈ అంతస్తులో లిఫ్టు తలుపులోంచి గోతిలో పడి చచ్చిపోయాడు. తలుపు తాళం తీసి వదిలేసింది మెకానిక్కేననీ, అదీ పగతోనేననీ పోలీసుల మాట.

మెకానిక్కు అక్క నిన్న పొద్దున్నే జల్లెడ గుమ్మంలో నిలబడింది. ఇదే బిల్డింగులో ఏడో అంతస్తులో ఫోన్లకు జవాబులు చెప్పే ఉద్యోగం ఆమెది. ఏడవలేదు. "మా తమ్ముడికి కోపం ముక్కు మీదుంటుందమ్మా, కాదనను. కానీ ఒక్క మర వదులుగా ఉందంటే వాడికి అన్నం సహించదు. తలుపు తీసి వదిలేశాడంటే నేను చచ్చినా నమ్మను," అంది. ఆ మాట జల్లెడ మనసులో ముల్లులా దిగింది.

లిఫ్టు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఇప్పుడు "మేడమ్" అనే మాటలో మర్యాద తీసేసి పొట్టు మాత్రం మిగిల్చాడు.

"ఎనిమిది అంతస్తులూ మెట్లెక్కి వచ్చారా మేడమ్? రెండో లిఫ్టు పనిచేస్తోందిగా."

"మెట్లెక్కితే బిల్డింగు మాట్లాడుతుంది. లిఫ్టెక్కితే అద్దంలో మన మొహం తప్ప ఏముంటుంది?" అంది జల్లెడ. "రెండో అంతస్తులో చైర్మన్ గారి ఆఫీసుకు తాళం వేసి ఉంది. మిగతా అన్ని అంతస్తుల్లో జనం కిటకిటలాడుతున్నారు. ఇవాళ ఆయన ఒక్కడికే సెలవా?"

మేనేజరు నేల చూపులు చూశాడు. "చైర్మన్ గారు నిన్నటి నుంచీ స్టాఫుని ఇంటి దగ్గరే ఉండమన్నారండి. సంతాపంగా."

"మంచి మనసు," అంది జల్లెడ.

ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచాడు. "టైము వృథా చేసుకోకండి. లిఫ్టు తాళంచెవి ఒక్కటే. సోమవారం రెండూ నలభైకి మెకానిక్కు రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకున్నాడు. అదే రోజు పొద్దున మాస్టారితో గొడవపడ్డాడు. మూడూ పదికి లిఫ్టు పైకప్పు మీద బరువు పడి తనంతట తానే ఆగిపోయింది. ఆ టైము మెషిన్ గదిలో రికార్డయింది. మూడూ ఇరవైకి మేనేజరు శవాన్ని చూశాడు. ఇంకేం కావాలి?"

"గొడవ దేని గురించి?"

"ఎనిమిదో అంతస్తు దాటేటప్పుడు లిఫ్టు గోడకు రాసుకుంటోంది, సంగతేంటని మాస్టారు అడిగాడట. నా పనికి వంక పెడతావా అని వీడు ఎగిరాడట."

"రాసుకుంటోందా?" జల్లెడ ఒక్కసారి గాజు తలుపు వైపు చూసి మేనేజరు మీదికి తిరిగింది. "మీరు చెప్పండి. లిఫ్టు కింద ఆగి ఉంది. దాని పైకప్పు మొదటి అంతస్తు తలుపు వెనకాల ఉంటుంది. శవాన్ని చూడాలంటే ఆ తలుపు తాళం తియ్యాలి. తీసిందెవరు?"

"నేనేనండి."

"దేంతో?"

మేనేజరు చెయ్యి జేబు దాకా పోయి ఆగింది.

"తాళంచెవి ఒక్కటేగా. అది మెకానిక్కు జేబులో ఉంది. అతను టెర్రస్ మీదున్నాడు. గోళ్ళతో తీశారా?"

"ప... పక్క బిల్డింగు నుంచి తెచ్చానండి. పోయిన నెల నుంచి ఏడు బిల్డింగులకూ లిఫ్టు తాళాలు ఒకే రకం పెట్టారు. ఏ చెవైనా ఎక్కడైనా పడుతుంది."

"అంటే ఏడు చెవులు," అంది జల్లెడ. "ఇన్‌స్పెక్టరు గారూ, మీ ఒక్క చెవి పిల్లలు పెట్టింది."

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయాడు గానీ, అంతలో గాజు తలుపు అవతల నుంచి గట్టి గొంతు వినిపించింది.

"చెల్లెమ్మా! మా బిల్డింగుకొచ్చి నన్ను కలవకుండానే పోతావా?"

ఈ బిల్డింగు యజమాని, ఏడు బిల్డింగుల సంఘానికి చైర్మన్. తెల్ల చొక్కా, తళతళలాడే బూట్లు, నోరు తెరిస్తే ఉపన్యాసం. తలుపు తోశాడు. అది సగంలో ఆగింది. ఆ సందులోనే నిలబడి చేతులు జోడించాడు.

"ఈ వీధిలో ఏడుగురం ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళం. నా ఖాళీ అంతస్తు గురించి వాడు పుకారు పుట్టించేవాడు, వాడి కిరాయిదారుని నేను లాగేవాణ్ణి. చివరికి ఏడుగురికీ ఖాళీ గదులే మిగిలాయి. అప్పుడు నేనే చెప్పాను, మార్పు ఒక్కడితో రాదు, కలిసి తేవాలి అని. ఒకే కొలత, ఒకే తాళం, ఒకే పుస్తకం. ఇవాళ ఒక పెద్ద కంపెనీ ఏడు బిల్డింగుల్నీ కలిపి తీసుకుంటోంది. సాయంత్రం సంతకాలు."

"ఆ కంపెనీ సామానేనా పైన రొద పెడుతోంది?" తొమ్మిదో అంతస్తు నుంచి సన్నటి గుంయ్ మనే శబ్దం ఆమె వచ్చినప్పటి నుంచీ ఆగలేదు.

"బ్యాటరీలండి. కంప్యూటర్ల కోసం," అన్నాడు మేనేజరు. "మూడు వారాలైంది దించి. ఒక్కోటీ ఒక్కో బీరువా అంత ఉంటుంది."

"ఒకే పుస్తకం అన్నారు. అదేంటి?"

చైర్మన్ మొహం వెలిగింది. మెచ్చుకుంటే కరిగేవాళ్ళలో అతను మొదటి రకం. జేబులోంచి ఫోను తీశాడు. "ఇదే. మాస్టారు ఏ గది కొలిచినా నంబరు పడి ఇందులో చేరుతుంది. ఆ క్షణమే ఏడుగురికీ వస్తుంది. దొంగ లెక్కలకు తావే లేదు. ఒక కొలత కొట్టెయ్యాలంటే ఏడుగురూ ఒప్పుకోవాలి. అంతేకాదు, కొలిచినవాడు కూడా వేలిముద్ర వెయ్యాలి. ఈ నియమం నేనే పెట్టాను చెల్లెమ్మా. ఒకణ్ణొకడు నమ్మని ఏడుగురిని కలపాలంటే అదే దారి."

"బాగుంది. సోమవారం పేజీ చూపిస్తారా?"

చైర్మన్ చెయ్యి మాత్రమే లోపలికి చాచాడు. జల్లెడ దగ్గరికెళ్ళి చూసింది. 210. 211. దాని కింద, కొత్త మనిషి నిన్న కొలిచిన 213.

"రెండు వందల పన్నెండు ఏదండీ?"

"ఏదో అంకె దాటేసి ఉంటాడు." ఫోను వెనక్కి వెళ్ళిపోయింది. "పోయినవాణ్ణి అనకూడదు గానీ మాస్టారికి చాదస్తం. అద్దె నేలకొస్తుంది గానీ పైకప్పుకొస్తుందా? అయినా ప్రతి చోటా ఎత్తు కూడా కొలిచేవాడు. సరే, అవతల సంతకాల ఏర్పాట్లున్నాయి. ఇన్‌స్పెక్టరు గారూ, మీరు కూడా త్వరగా కానిచ్చేయండి. ఖాళీ అంతస్తులో ఎంతసేపని?"

అతను మెట్ల వైపు వెళ్ళాడు. గుమ్మం లోపలే రెండో లిఫ్టు ఉన్నా ఎక్కలేదు. ఎనిమిది అంతస్తులు ఎక్కి వచ్చిన మనిషి, గుమ్మం దాటి ఒక్క అడుగు కూడా లోపల పెట్టలేదని జల్లెడకు అప్పుడు తట్టింది.

ఆమె ఖాళీ హాలు మధ్యకు నడిచింది. పన్నెండు స్తంభాలు. పదకొండింటి మీద రెండేళ్ళ దుమ్ము. నడిమి స్తంభం ఒక్కటే కొత్త రంగుతో మెరుస్తోంది.

"దీనికొక్కదానికే రంగెందుకు వేశారు?"

"మచ్చలు పడ్డాయండి," అన్నాడు మేనేజరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి తన చొక్కా చేతి మీదికి పోయింది. అక్కడ అదే రంగు చుక్క ఉంది. జల్లెడ ఆ చుక్కను చూసింది. ఆమె చూడడం అతను చూశాడు.

టార్చి తీసి వెలుగుని స్తంభం పక్క నుంచి ఏటవాలుగా వేసింది. కొలిచేవాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఎక్కడ కొలిచారో అక్కడే గోడ మీద పెన్సిలుతో తేదీ, అంకె గీకి పోతారు. మాస్టారిది గట్టి పెన్సిలు, చెయ్యి బరువు. రంగు రాతను కప్పింది గానీ గాట్లను పూడ్చలేకపోయింది. వెలుగు పక్కగా పడేసరికి మూడు వరసలు లేచాయి. మూడూ సోమవారాలే.

274.1. 273.8. 273.0.

"ఏంటవి?" ఇన్‌స్పెక్టరు మెడ సాచాడు.

"ఎత్తు. ఇక్కడి నేల నుంచి పైకప్పుకి, సెంటీమీటర్లలో. చివరిది మొన్న సోమవారానిది."

"మూడుసార్లు కొలిస్తే మూడు రకాలొచ్చాయి. చాదస్తం అని చైర్మన్ గారు చెప్పారుగా."

"చాదస్తుడికి అంకె అటూ ఇటూ అవుతుంది. ఎప్పుడూ కిందికే పోదు." ఆమె గొంతు తగ్గింది. "మాస్టారి ఫోను మీ దగ్గరుందిగా. సోమవారం మూడింటి తర్వాత అందులో వచ్చిన మెసేజీలు చదవండి."

"ఏవో ఆఫీసు మెసేజీలు. కేసుతో సంబంధం లేదు."

"చదవండి."

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ ఫైలు తిప్పాడు. "మూడూ నాలుగుకి... 'రెండు వందల పన్నెండో కొలత చేరింది.' మూడూ తొమ్మిదికి... 'రెండు వందల పన్నెండో కొలత కొట్టివేతకు ఏడుగురు ఒప్పుకున్నారు. మీ వేలిముద్ర కావాలి.' మూడూ పన్నెండుకి... 'మీ వేలిముద్ర అందింది. కొలత కొట్టివేయబడింది.' చూశారా, అంతా వాళ్ళ వ్యవహారమే."

"మాస్టారు ఎన్నింటికి పడ్డాడన్నావు?"

"మూడూ పదికి." చెప్పి ఆగిపోయాడు. కాగితం వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. "మూడూ... పన్నెండుకి వేలిముద్ర..."

"పడ్డ రెండు నిమిషాలకి. మెకానిక్కు అప్పుడు టెర్రస్ మీద నిలబడి అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మూడూ ఏడు నుంచి మూడూ పద్నాలుగు దాకా. నిన్ననే ఫోను కంపెనీ నుంచి ఆ వివరాలు తీసుకున్నాను." జల్లెడ మేనేజరు ముందుకెళ్ళి నిలబడింది. "మూడూ ఇరవైకి చూశానన్నారు. మూడూ పన్నెండుకి ఆ వేలు పట్టుకుంది ఎవరు?"

మేనేజరు నేల మీద కూలబడ్డాడు.

"నేను తొయ్యలేదమ్మా. మా పిల్లల మీద ఒట్టు. మొదటి అంతస్తులో నా సీట్లో ఉన్నాను. చైర్మన్ గారు పైనుంచి ఫోను చేశారు. 'మాస్టారు కాలు జారాడు. లిఫ్టు మీదున్నాడు. ముందు ఫోను తీసి వేలు పెట్టించు, తర్వాతే ఎవరినైనా పిలువు' అన్నారు. పక్క బిల్డింగు చెవి అప్పటికే నా దగ్గరుంది. తలుపు తీశాను."

"వేలు పెట్టించావు."

"పెట్టించాను." రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఆయన అప్పటికింకా బతికే ఉన్నాడమ్మా. నా వైపే చూస్తున్నాడు."

జల్లెడ చాలా మంది హంతకుల్ని చూసింది. ఇంత చిన్న పనికి ఇంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

"ఏమైనా అన్నాడా?"

"'అందర్నీ కిందికి దించెయ్యండి' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నొప్పికి ఏదో కలవరిస్తున్నాడనుకున్నాను."

జల్లెడ గిర్రున తిరిగింది. మాస్టారి కొలకర్ర ఇంకా మూలనే, పోలీసు చీటీ కట్టి ఉంది. ఒకదాంట్లో ఒకటి దూరే అల్యూమినియం గొట్టాలు, పక్కన అంకెలు. "పట్టు!" అంది ఇన్‌స్పెక్టరుతో. పన్నెండేళ్ళ కిందటి గొంతు అది. అతను మారుమాట లేకుండా పట్టుకున్నాడు. ఆమె కింద కొస స్తంభం పక్కన నేలకు ఆనించింది. అతను పై గొట్టం పైకప్పుకి తగిలేదాకా లాగి మర బిగించాడు. కర్ర రెండింటి మధ్యా తనంతట తానే నిలబడింది.

"చదువు."

"రెండు వందల డెబ్బై ఒకటి... పాయింట్ నాలుగు." అతను అంకె మీద వేలు పెట్టి ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, మొన్న 273 కదా?"

"రెండు రోజుల్లో సెంటీమీటరున్నర దిగింది. అందుకే లిఫ్టు రాసుకుంది. అందుకే ఆ తలుపు కీచుమంది. పైన ఆ బరువు దించినప్పటి నుంచీ ఈ పైకప్పు కుంగుతోంది. ఏడుగురు యజమానులకీ సోమవారం మూడూ నాలుగుకే తెలుసు. జన్మలో ఒక్క మాట మీద నిలబడని ఏడుగురు ఐదు నిమిషాల్లో ఒక్కటయ్యారు. జనాన్ని దించడానికి కాదు, అంకె చెరపడానికి. సాయంత్రం సంతకాలయ్యేదాకా బిల్డింగు నిలబడితే చాలనుకున్నారు. ఆ చైర్మన్ మాత్రం తన మనుషుల్ని ఇంటికి పంపించుకున్నాడు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే పరుగెత్తాడు. లిఫ్టు పక్కన గోడకు ఎర్ర పెట్టె, ప్రమాదం వస్తే నొక్కే బెల్లు. మోచేత్తో అద్దం పగలగొట్టి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఎక్కడా చప్పుడు లేదు.

"మోగదండీ," అన్నాడు మేనేజరు నేల మీద నుంచే. "సోమవారం సాయంత్రం వైరు తీయించారు. ఎవరైనా పొరపాటున నొక్కితే జనం కంగారు పడతారన్నారు."

జల్లెడ ఎర్ర పెట్టెను చూసింది, పక్కనే లిఫ్టు తలుపును చూసింది. మధ్యన రెండడుగుల దూరం. ఏడు చెవుల్లో ఒకటి సంఘం చైర్మన్ దగ్గరా ఉండకపోదు. మాస్టారు వేలిముద్ర వెయ్యనని ఎక్కడికి నడిచాడో, చైర్మన్ అతన్ని ఎక్కడ ఆపాడో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

"మెట్ల మీద పడి ప్రతి తలుపూ కొట్టండి! స్టేషనుకి చెప్పు, ఆ చైర్మన్‌ని వీధి దాటనివ్వద్దను!"

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్సులో అరుస్తూనే గాజు తలుపు మీద పడ్డాడు. ఇందాక చైర్మన్ వదిలిన సగం సందు మిగిలుంది. తలుపు ఆ సందు దగ్గరే బిగుసుకుపోయింది. భుజంతో గుద్దాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చివరికి పక్కకు తిరిగి, చొక్కా గుండీలు తెగుతుంటే దూరి అవతల పడ్డాడు. మేనేజరుని చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

జల్లెడ ఫోను తీసి ఏడో అంతస్తుకు చేసింది. మొదటి రింగుకే మెకానిక్కు అక్క ఎత్తింది.

"అమ్మా! మీకే చేద్దామనుకుంటున్నాను. మా ఆఫీసు తలుపు ఎందుకో రావట్లేదమ్మా. పది నిమిషాల నుంచి లాగుతున్నాం. నలభై మందిమి లోపలే ఉన్నాం. వీళ్ళేమో నవ్వుతూ మీ తమ్ముణ్ణి పిలువు, బాగుచేస్తాడు అంటున్నారు." గొంతు తగ్గించి అడిగింది. "వాడి సంగతి ఏమైందమ్మా? రెండింటికి తీసుకెళ్ళిపోతారా?"

జల్లెడ వెనక్కి చూసింది. స్తంభం పక్కన నిటారుగా నిలబెట్టిన కొలకర్ర ఇప్పుడు నిటారుగా లేదు. నడుము దగ్గర మెల్లగా వంగుతోంది.

"తీసుకెళ్ళరు. మీ తమ్ముడు ఏ తప్పూ చెయ్యలేదని తేలిపోయింది, సాయంత్రానికి ఇంటికొస్తాడు," అంది. "ఇప్పుడు నేను చెప్పేది విను, మళ్ళీ అడక్కు. నీ కుర్చీ ఎత్తి ఆ తలుపు అద్దం పగలగొట్టు. అందర్నీ మెట్ల మీదుగా దించు. లిఫ్టెక్కద్దు."

"అమ్మా, ఏమైంది?"

వెనకాల టప్పుమని కొలకర్ర విరిగింది.

"కొట్టు తల్లీ," అంది జల్లెడ. "వాడు ఇంటికొచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండాలి."